ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు

టెక్కలి,
ఆదివారం.

ప్రియమైన మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. గదిలో ఉండే స్నేహితుడితో ఎన్నికల దగ్గర మాటామాటా పెరిగిందనీ, నువ్వు ఆరాధనకు వెళ్లడం మీద కూడా ఏదో అన్నాడనీ, ఇక ఆ రెండు సంగతులూ అతని దగ్గర ఎత్తనని ఒట్టు పెట్టుకున్నావనీ రాశావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. నీ విశ్వాసమూ, నీ రాజకీయమూ తీసేస్తే అతను స్నేహం చేయడానికి నీలో ఏం మిగులుతుందిరా?

ఉద్దానంలో ఉన్న నా స్నేహితుణ్ణి నువ్వెరుగుదువు. వాళ్లది బొడ్డపాడు పక్క. నక్సలైటు నాయకుడు పంచాది కృష్ణమూర్తి ఊరు అది. గుళ్లో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఆ ఉద్యమంలోకి నడిచిన చోటు. 1969లోనే ఇద్దరినీ పోలీసులు చంపేశారు. ఆ కథలు వింటూ పెరిగినవాడికి దేవుడి మాట నమ్మబుద్ధి కాదు. కెనడా బాప్టిస్టు మిషను నాటిన సంఘంలో పెరిగిన నాకు తుపాకీ మాట మనసుకెక్కదు. స్నేహం కుదిరిన కొత్తల్లోనే ఈ సంగతి ఒకరికొకరం చెప్పేసుకున్నాం.

కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వద్దని జనం లేచినప్పుడు ఇద్దరం శిబిరానికి వెళ్లేవాళ్లం. ప్లాంటు కోసం తంపర చిత్తడినేల పూడిస్తే చేపా పోతుంది, పొలమూ మునుగుతుందని ఆ ఊళ్ల భయం. వాడు పార్టీ మనిషిగా వెళ్లాడు. పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రభువు చెప్పాడు గనక నేను వెళ్లాను. సంఘంలో కొందరికి అది గిట్టలేదు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయాక, దెబ్బకు దెబ్బ తీయాలా వద్దా అని మా ఇద్దరికీ వాదన ముదిరింది. ఇప్పటికీ తెగలేదు.

మన జిల్లా ఎరిగిన పెద్దల్నే చూడు. రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారికి మన గౌతు లచ్చన్న గారు శిష్యుడు. 1967లో రంగా గారు స్వతంత్ర పార్టీ తరఫున మన శ్రీకాకుళం నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆ తర్వాత గురువు ఇందిరమ్మ కాంగ్రెస్‌లో చేరారు, శిష్యుడు ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. అయినా జిల్లా ఇద్దర్నీ గురుశిష్యులుగానే తలుచుకుంటుంది.

బైబిల్లో యోనాతాను సంగతి ఇంకా లోతైనది. దావీదును ప్రాణంగా చూసుకున్నాడు, కానీ దావీదు మీద పగబట్టిన తన తండ్రి సౌలు రాజు పక్షం విడవలేదు. గిల్బోవ కొండ మీద తండ్రితోపాటే చనిపోయాడు. సింహాసనమెక్కాక దావీదు ఆ స్నేహితుడి కుంటి కొడుకు మెఫీబోషెతును వెతికించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. పక్షం మారనివాణ్ణి అంతగా ప్రేమించవచ్చని నాకు నేర్పింది ఆ కథే.

2018లో తిత్లీ తుఫానుకు నా ఉద్దానం స్నేహితుడి జీడితోట, కొబ్బరిచెట్లు నేలకూలాయి. దారి తెరుచుకోగానే వాడు మా మందిరం పైకప్పు ఉందో పోయిందో చూడడానికి వచ్చాడు. ఇప్పుడు ఉద్దానం కిడ్నీ జబ్బు వాడినీ పట్టుకుంది. డయాలసిస్‌కు పలాస వెళితే పక్కన కూర్చుంటాను. నీ కోసం ప్రార్థన చేస్తున్నానురా అని చెప్పే చేస్తాను. నాకు నమ్మకం లేదురా అని వాడూ చెబుతాడు. చెయ్యి మాత్రం వదలడు.

ఈ క్రిస్మస్‌కు నీ గదిలో ఉండే ఆ అబ్బాయిని టెక్కలి తీసుకురా. ఆరాధనకు రమ్మని నోరారా అడుగు. రానంటే బలవంతపెట్టకు, భోజనానికి మాత్రం మన ఇంట్లోనే కూర్చోబెట్టు. వాళ్ల పార్టీ సభకు రమ్మని అతను పిలిస్తే నువ్వూ వెళ్లు, చివరిదాకా విను, ఒప్పుకోలేనిది అతని మొహం మీదే చెప్పు.

అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య