విమానపు టికెట్టులోని వేళలు

కుమారుడు పైచదువునకై హైదరాబాదునుండి లండనునకు పయనమయ్యెననుకొందము. శీతకాలము. విమానము ఉదయము 7-30కి బయలుదేరి మధ్యాహ్నము 12-30కి చేరునని టికెట్టులో నున్నది. అయిదు గంటల ప్రయాణమేగదా యని తల్లి ఒంటిగంటనుండియే ఫోను చెంత కూర్చుండును. మూడైనను, నాలుగైనను కబురు లేదు. ఇరుగుపొరుగువారు తలకొక మాట అందురు. ఆమె ప్రాణము కడబట్టుచున్న ఆ వేళ విమానము క్షేమముగా ఆకాశమున పోవుచునే యుండును. టికెట్టులోని ఆ రెండు వేళలును వేర్వేరు గడియారములవి.

విద్యార్థులారా, భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. మన దేశకాలమునకు ప్రమాణమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. లండనులోని గ్రీనిచ్ సున్న రేఖాంశముపై నున్నది. 82½ను 15చే భాగింపగా 5½ వచ్చును. కావున లండనులో 12-30 అగునప్పటికి మన యింట సాయంకాలము ఆరు. ప్రయాణకాలము 10½ గంటలు.

ఇక తిరుగుప్రయాణము చూడుడు. లండనులో మధ్యాహ్నము 2 గంటలకు బయలుదేరిన విమానము మరునాటి ఉదయము 5-15కి హైదరాబాదు చేరినచో, టికెట్టు ప్రకారము 15¼ గంటలు. నిజమునకు 9¾ గంటలు మాత్రమే. రేఖాంశములు తెలియని వారికొక సులభమార్గము కలదు. పోవునప్పటి టికెట్టు గంటలను, వచ్చునప్పటి టికెట్టు గంటలను కూడి సగము చేయవలెను. ఒకవైపు తగ్గిన కాలభేదము మరియొకవైపు పెరుగును గనుక కొట్టుపడిపోవును. 5ను 15¼ను కూడి సగము చేయగా 10 గంటల 7½ నిమిషములు. ఇది సగటు ప్రయాణకాలము.

పోకకు 10½, రాకకు 9¾ ఏల? రాజమహేంద్రవరమునుండి పాపికొండలకు లాంచీలో ఎదురేగినవారికి ఇది చెప్పనక్కరలేదు. సుమారు 10 కిలోమీటరుల యెత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలిప్రవాహము కలదు. శీతకాలమున దాని వేగము మరింత హెచ్చు. లండనునకు పోవు విమానము దానికి ఎదురీదును, వచ్చునది దానితో కొట్టుకొనివచ్చును.

దూరమును గూర్చి ఒక మాట. గోడపటముమీద కొలబద్ద పెట్టరాదు. గోళముమీద రెండు పట్టణములకును దారమును బిగించి పట్టుడు. అది కాస్పియన్ సముద్రతీరమును, ఉక్రెయిన్ దేశమును దాటి లండను చేరును. పొడవు సుమారు 7,750 కిలోమీటరులు. సగటు కాలముచే భాగింపగా గంటకు 765 వచ్చును. పెద్ద జెట్టు విమానము ఎత్తున గంటకు సుమారు 900 పోగలదు గదా! అయితే ఎక్కుట దిగుటలయందు వేగము తక్కువ. మరియు విమానము దారము వెంట పోజాలదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధము వలన ఉక్రెయిన్ ఆకాశము ప్రయాణ విమానములకు మూయబడగా, చుట్టుదారి తప్పినది కాదు. 1929లో లండనునుండి కరాచీకి మొదటి విమానసర్వీసు ఏడుదినములు పట్టినదని తలచుకొన్న, ఈ చుట్టు పెద్దది కాదు.

తల్లిదండ్రులు ఇంకొకటి గుర్తుంచుకొనవలెను. మార్చి కడపటి ఆదివారమునుండి అక్టోబరు కడపటి ఆదివారము వరకు లండనువారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు. ఆ నెలలలో పయనమైన పిల్లల లెక్కకు 5½కు మారుగా 4½ వేయవలెను.