పండ్ల బ్రష్షుల నుంచు పాత్ర

మన పెద్దలు పందుంపుల్లతో పండ్లు తోముకొనిన కాలమున ఈ వ్యాసముతో పనియే లేదు. తెల్లవారుజామున వేపకొమ్మనుండియో గానుగచెట్టునుండియో ఒక పుల్లను విరిచి, దాని కొనను నమిలి కుంచెగా జేసి, పండ్లు తోముకొని, పిమ్మట ఆ పుల్లనే రెండుగా చీల్చి నాలుక గీసికొని, బద్దలను దూరముగా పారవైచెడివారు. నేటి పుల్ల రేపటికి పనికిరాదు గావున దానిని దాచుట యను మాటయే పుట్టలేదు. కచ్చికబొగ్గుతో తోముకొనువారికి వ్రేలు కడిగికొనిన చాలును. ఒకే వస్తువును నెలల తరబడి నోటబెట్టుకొనుట, తక్కిన సమయమందు దానిని ఒకచోట నిలిపియుంచుట యనునవి బ్రష్షుతో వచ్చిన యలవాట్లు.

ఆ బ్రష్షులకు తొలుత పశువుల వెండ్రుకలనే వాడెడివారు. అవి నీటిని పీల్చుకొని తొందరగా ఆరెడివి కావు. 1938వ సంవత్సరమున అమెరికాలో నైలాను పోగులతో చేసిన బ్రష్షు అమ్మకమునకు వచ్చినది. ఇది త్వరగా ఆరును. అయితే బ్రష్షు ఆరినను, దానినుండి కారిన నీరు ఎక్కడికి పోవుచున్నది? ఈ ప్రశ్న మాకును చాలకాలము తోచలేదు.

గడచిన శ్రావణమాసమున మా నాయనమ్మగారు క్యాన్సరు వ్యాధికి మందులెక్కించుకొని యింటికి వచ్చిరి. ఆమె నోటియందు పుండ్లు లేచినవి. చూచిన వైద్యుడు, ఇట్టి చికిత్సలో రోగమును తట్టుకొను శక్తి తగ్గునని చెప్పి, "అమ్మగారి బ్రష్షును ఎక్కడ నుంచుచున్నారు?" అని యడిగెను. మేము తెల్లబోయితిమి. ఇంటిల్లిపాది బ్రష్షులు ఏడును స్నానపుగదిలో ఒకే స్టీలు గ్లాసున, మరుగుదొడ్డి గిన్నెకు రెండడుగుల దూరమున, తలలు ఒకదానికొకటి తగులుచు నిలిచియున్నవి. వానిలో జలుబుతో నున్న పిల్లవాని బ్రష్షు కూడ గలదు. గ్లాసును వంచి చూడగా అడుగున వ్రేలి మందమున నల్లని జిగట, దాని యంచున గులాబిరంగు పాకుడు, ముక్కులదరు వాసన! గ్లాసు వెలుపలిభాగమును మాత్రము దినదినము తళతళలాడునట్లు తోముచుంటిమి.

ఈ నలుపు చాలవరకు బూజు. గులాబిరంగుది బూజు కాదు, ఒకజాతి బాక్టీరియా. రెంటికిని కావలసినవి తేమ, కొంచెము ఆహారము, కదలని గాలి. పేస్టు శేషము, ఉమ్మి, సబ్బు తుంపరలే వానికి ఆహారము. బూజు బీజములు గాలిలో సర్వత్ర తేలియాడుచుండును. వానిని రాకుండ జేయుట ఎవరి తరమును గాదు. మన భీమవరమును చూడుడు: చుట్టును కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. ఆషాఢము మొదలు కార్తికము వరకు ఉతికిన చొక్కాయే ఆరదు. ఇక మూసిన గదిలోని గ్లాసు మాట చెప్పనేల? తేమ నొక్కదానిని తొలగించుటయే మన చేతిలోనున్నది.

ఇచ్చట ఒక మాట. మట్టిలోను తడిలోను పెరుగు జీవులెల్ల మనకు శత్రువులు కావు. 1895లో ఈ భీమవరమందే జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా నుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక జీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ జీవి బూజువలె పోగులు పోగులుగా పెరుగును గాని బాక్టీరియాజాతిలోనిదే. మా గ్లాసులోనిది మాత్రము ఎవరికిని మందు కాదు.

భయమును హద్దులో నుంచుట కూడ అవసరము. 2011లో అమెరికాలోని ఎన్.ఎస్.ఎఫ్. అను సంస్థ 22 ఇండ్లలో 30 వస్తువులను పరీక్షింపగా, క్రిములచే మలినమైన వానిలో బ్రష్షులనుంచు పాత్ర మూడవదిగా తేలినది. మొదటిది అంట్లు తోము స్పాంజి. అయినను ఆరోగ్యవంతునకు తన బ్రష్షువలన రోగము వచ్చుట రుజువుపడిన విషయము కాదు. ముసలివారు, చిన్నపిల్లలు, మా నాయనమ్మగారివలె చికిత్సలో నున్నవారు ఉన్న యింట మాత్రము ఉపేక్ష తగదు.

మొదట చోటు మార్చవలెను. పూర్వము మరుగుదొడ్డి దొడ్డిచివర నుండెడిది. నేడది స్నానపుగదిలోనికి వచ్చినది. నీరు వదలునపుడు కంటికి కానరాని తుంపరలు పైకి లేచును. మూత వేయుట మంచిదే గాని మూత యన్నిటిని ఆపదు. కావున బ్రష్షులను దూరముగా, గాలి వచ్చు కిటికీవైపున నుంచవలెను. పాత్రకు అడుగున రంధ్రములుండవలెను. కొయ్యపలక నీటిని పీల్చి తానే బూజుపట్టును గావున స్టీలు గాని ప్లాస్టిక్కు గాని మేలు. తోముకొనినపిదప బ్రష్షును ధారనీటిలో కడిగి, విదిలించి, తల పైకి వచ్చునట్లు, ఒకదానికొకటి తగులకుండ నిలుపవలెను.

బొద్దింకల భయమున బ్రష్షుకు టోపీ తొడుగుదుమని తల్లులు చెప్పుదురు. వారి భయము న్యాయమే. అయితే తడిబ్రష్షుకు బిగుతైన టోపీ తొడిగినచో తేమ లోననే నిలుచును. తూమునకు జల్లెడమూత వేసి, బ్రష్షులను ఎత్తున నుంచుట మంచి యుపాయము. ప్రయాణములో టోపీ తప్పనిచో దిగినవెంటనే తీసివేయవలెను.

పాత్రను వారమున కొకసారి వేడినీటితోను సబ్బుతోను లోపల, మూలలలో, పాత బ్రష్షుతో రుద్ది, కడిగి, ఎండలో బోర్లింపవలెను. మన బోరునీటి యుప్పు తెల్లగా పేరుకొని గరుకైనచోట పాకుడు గట్టిగా పట్టును. దానికి నిమ్మరసము చాలును. నలుపు వదలనిచో బ్లీచింగు ద్రావణమును సీసాపై వ్రాసిన కొలత ప్రకారము వాడి, బాగుగా కడుగవలెను. అయితే బ్లీచింగును నిమ్మరసముతో గాని, మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో గాని ఎన్నడును కలుపరాదు. కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియమునందలి ఈప్ర యుద్ధభూమిలో సైనికులను చంపినది ఈ వాయువే. తలుపు మూసిన చిన్నగదిలో అది యెంత ప్రమాదమో విద్యార్థులు ఇంటిలో కడుగువారందరికి తెలుపవలెను. ఈ పని వంటమనిషికో పనిమనిషికో విడిచిన యిండ్లలో మరియు ముఖ్యము.

బ్రష్షును మూడు నాలుగు నెలలకు, లేదా పోగులు వంగినచో అంతకు ముందే, మార్చవలెను. మా యింట ఇప్పుడు ప్రతి బ్రష్షు పిడిమీద కొన్న తేదీని వ్రాయుచున్నాము. నాయనమ్మగారి బ్రష్షు ఆమె గది కిటికీలో వేరుగా నున్నది. ఆ స్టీలు గ్లాసును ఎంత తోమినను మరల నోటి వస్తువులకు వాడ మనసొప్పక, అడుగున చిల్లులు కొట్టి బంతినారు పోసితిమి.