పేరు – జాడ

గోదావరిపై పోలవరం వద్ద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1940ల దశకంలో ‘రామపాదసాగర్’ అన్న పేరుతో రూపుదిద్దుకొంది. తరువాత అది పోలవరం ప్రాజెక్టుగా ప్రసిద్ధి చెందింది. 2000 తరువాతి దశకంలో దానికి ‘ఇందిరాసాగర్’ అని పేరు పెట్టారు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పోలవరం అన్న పేరుతోనే దానిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఒక్క పేరునే నమ్మి వెదికే పరిశోధకునికి తక్కిన పేర్లతో ఉన్న పత్రాలు కంటబడవు. నదిని, స్థలాన్ని, ప్రయోజనాన్ని పోల్చి చూచినవారికే చరిత్ర సమగ్రంగా లభిస్తుంది.

కంప్యూటరు రంగంలోనూ ఈ చిక్కు ఉంది. ప్రోగ్రాములలో జరిగే మార్పులను వరుసగా భద్రపరచడానికి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ‘గిట్’ అనే సాధనాన్ని రూపొందించాడు. ఫైలు పేరు మారిందన్న సంగతిని గిట్ వేరుగా రాసిపెట్టుకోదు. చరిత్రను చూపేటప్పుడు తొలగిపోయిన ఫైలునూ, కొత్తగా చేరిన ఫైలునూ పోల్చుతుంది. వేరే కొలత చెప్పకపోతే, వాటిలోని విషయం సగమైనా కలిసినప్పుడు అది పేరు మార్పేనని నిర్ణయిస్తుంది. పేరుతోపాటు విషయాన్నీ ఒకేసారి అధికంగా మారిస్తే ఆ పోలిక నశిస్తుంది. పాత చరిత్ర తెగిపోయినట్లు కనిపిస్తుంది. అందువలన మొదట పేరు మార్చి భద్రపరచాలి. ఆ పిమ్మటనే విషయాన్ని దిద్దాలి.

ఆనకట్టకైనా, ఫైలుకైనా కొత్త పేరు పెట్టేవారు పాత పేరు జాడను నిలిపి ఉంచడం తరువాతి వారికి చేసే మేలు.