ఆకాశపు రాళ్లును మన కావలియు
(చదువవలసిన భాగము: నెహెమ్యా 4వ అధ్యాయము)



2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మహబూబాబాదు ప్రాంతపు రైతు సహోదరుడొకడు మమ్మును నిలిపి, "అయ్యగారూ, ఎనిమిదేండ్లల్ల ఆకాశంల నుంచి రాయి పడి లోకం పోతదంటున్నరు గదా, ఇగ బిడ్డకు నర్సింగు ఫీజు కట్టుడెందుకు?" అని అడిగెను. ఆ మాట మా హృదయమును పొడిచెను. ఏలయనగా ముందటి ఆదివారము ఫోనులో సగము చదివిన వార్తను ప్రకటన గ్రంథములోని మాచిపత్రి నక్షత్రముతో ముడిపెట్టి ప్రసంగించినది మేమే. కాబట్టి మా తొందరపాటును ఒప్పుకొని, ఆ సంగతి ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాము.

1. ఈ రాళ్లు ఏవి?

సూర్యుని చుట్టు తిరుగు రాతి ముక్కలను గ్రహశకలములందురు. ఎక్కువ భాగము అంగారక, గురు గ్రహముల నడుమ తిరుగును. కొన్ని మాత్రము భూమి త్రోవకు దగ్గరగా వచ్చును. చిన్నవి గాలిలోనే కాలిపోవును. చుక్క రాలెనని మనమనునది ఇట్టిదే. అరుదుగా కొన్ని నేలను చేరును. 1852 జనవరి 23న మన తెలుగు నేలమీదనే, నెల్లూరు ప్రాంతమున, ఒక రాయి పడెను.

పెద్దవి హాని చేయగలవు. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కాలో ఒకటి గాలిలోనే పేలి సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల అడవిని పడగొట్టెను. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఇరువది మీటర్ల రాయి పేలగా వెయ్యిమందికి పైగా గాయపడిరి. వారిలో అనేకులను గాయపరచినది పగిలిన కిటికీ అద్దములే. వెలుగు ముందు వచ్చెను, దెబ్బ కొంత సేపటికి వచ్చెను. కనుక ఆకాశమున అట్టి గొప్ప వెలుగు కనబడినచో చూచుటకు కిటికీ యొద్దకు పరుగెత్తరాదు.

2. ఆ వార్తలో నిజమెంత?

2024 డిసెంబరు 27న చిలీ దేశములోని దూరదర్శినికి సుమారు 60 మీటర్ల రాయి కనబడెను. దానికి 2024 వైఆర్4 అని పేరు పెట్టిరి. అది 2032 డిసెంబరు 22న భూమికి తగులు అవకాశము 2025 ఫిబ్రవరి 18 నాటికి నూటికి మూడు పాళ్లకు చేరెను. తగిలినచో పడు చోటు పసిఫిక్ సముద్రము మొదలుకొని ఆఫ్రికా మీదుగా మన దక్షిణాసియా వరకు గల గీతమీద ఎక్కడనైనను కావచ్చుననిరి. అయినను ఆ పరిమాణపు రాయి ఒక పట్టణమును పాడుచేయగలదు గాని లోకమును కాదు. వారము తిరుగకముందే అవకాశము దాదాపు సున్నకు దిగెను.

పెరిగినది ఎందుకు తగ్గెను? ఎద్దు తప్పిపోయినదనుకొనుడి. పది ఊళ్లలో ఎక్కడనో ఉన్నదన్నప్పుడు మన ఊరికి పదింట ఒక పాలు. ఏడు ఊళ్లు వెదకి లేదని తేలినచో మన ఊరికి మూడింట ఒక పాలగును. తుదకు డెక్కల జాడ పొరుగూరిలో దొరికినచో మనకు ఏమియు మిగులదు. అట్లే చూపు స్థిరపడుకొలది లెక్క మారెను.

3. కావలి కాయువారు

జొన్నచేనిలో మంచె మీద కూర్చున్నవాడు పిట్ట వాలకమునుపే చూచును. నేడు అనేక దేశములవారు దూరదర్శినులతో రాత్రి తరువాత రాత్రి ఇట్లే కాచుచున్నారు. కదలు చుక్కను గుర్తించుటకు కదలని నక్షత్రముల పటము కావలెను. అట్టి పటమును గీయుటలో 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాలకును పాలు కలదు. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు 1949లో ఒక తోకచుక్కను కనుగొనిన వారిలో ఒకరు; ఒక గ్రహశకలమునకు ఆయన పేరే పెట్టిరి.

4. మళ్లించు ఉపాయము

2022 సెప్టెంబరు 26న అమెరికా వారి డార్ట్ అను నౌక, ఆరు క్వింటాళ్ల లోపు బరువుతో, సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగమున వెళ్లి, సుమారు 160 మీటర్ల డైమోర్ఫోస్ అను రాతిని ఢీకొనెను. ఆ రాతివలన మనకు అపాయము లేదు. అది పరీక్ష మాత్రమే. తన పెద్ద రాతి చుట్టు తిరుగుటకు దానికి పట్టు 11 గంటల 55 నిమిషములలో అరగంటకు పైగా తగ్గెను.

ఇంత చిన్న దెబ్బ చాలునా? బల్లార్షా వైపునుండి కాజీపేటకు వచ్చు రైలును చూడుడి. అక్కడ పట్టా బెత్తెడు జరిగినచో ఒక బండి జనగామకు, మరియొకటి మహబూబాబాదుకు పోవును. ముందుగా జరిపిన బెత్తెడు చివరకు కోసులగును. అందుచేత కొన్ని యేండ్ల ముందుగా చూచుటయే ఈ పని యంతటికి ప్రాణము.

5. రాబోవు దినము

అపోఫిస్ అను మరియొక పెద్ద రాయి 2029లో భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున పోవును. మన గడియారము ప్రకారము అది ఏప్రిల్ 14 తెల్లవారుజామున మూడు దాటిన తరువాత. పాశ్చాత్యులకు అది ఏప్రిల్ 13, శుక్రవారము. శుభ శుక్రవారము మాత్రము కాదు, ఆ యేట అది మార్చి 30న వచ్చును. ఇంకను నూరేండ్ల వరకు ఆ రాయి తగులదని 2021లోనే తేల్చిరి. అప్పుడు జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని ఎవరైనను భయపెట్టి కానుకలడిగినచో ఈ పాఠమును తీసి చూపుడి.

నెహెమ్యా కాలమున జనులు ప్రార్థనయు చేసిరి, కావలియు ఉంచిరి, గోడకట్టుటయు మానలేదు. మేము ఆ వారమే ఆ సహోదరుని ఇంటికి వెళ్లి మా తప్పు చెప్పితిమి. ఫీజు కట్టబడెను, బిడ్డ చదువు ఆగలేదు.

కూటములో ఆలోచించుటకు:
1. భయపెట్టు వార్త వచ్చినప్పుడు ఇతరులకు చెప్పకమునుపు మనము విచారించుచున్నామా?
2. భయముచేత మన ఇంట ఆగిపోయిన మంచి పని ఏది?
3. మన సంఘములో కావలివాని పని ఎవరిది?