మన చదువుకు మనమే ట్యూటర్లం



పదో తరగతి వరకు మన చదువును గంట నడిపింది. తెల్లవారుజామున లేవడానికి గంట, స్టడీ అవర్‌కు గంట, భోజనానికి గంట. వార్డెన్ సారు రౌండుకు వస్తే గొంతెత్తి చదివేవాళ్లం. డిగ్రీకి వచ్చేసరికి ఆ గంట ఆగిపోతుంది. క్లాసు ఎగ్గొట్టినా అడిగేవారు ఉండరు. పరీక్ష ఫీజు కట్టమని నోటీసు పెట్టాక గానీ సిలబస్ గుర్తుకు రాదు.

ఇంటి దగ్గర అడుగుదామంటే, అమ్మానాన్నలు "బాగా చదువుకో నాయనా" అని దీవించగలరు గానీ ఎలా చదవాలో చెప్పలేరు. మనలో చాలామందిమి మన ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్లం. అందుకే మొదటి సెమిస్టర్‌లో రెండు మూడు సబ్జెక్టులు పోగానే "చదువు మనకు అబ్బదులే" అని పుస్తకాలు కట్టిపెట్టి పనుల్లోకి వెళ్లిపోయేవారు ఉన్నారు. వారిలో ఎక్కువమందికి తెలివి తక్కువై కాదు, చదివే పద్ధతి ఎవరూ చెప్పక అలా జరుగుతోంది. ఆ పద్ధతి నేర్చుకుంటే వస్తుందని చెప్పడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

స్వీయ నియంత్రిత అభ్యసనం అంటే ఏమిటి?

పేరు పెద్దది గానీ విషయం తేలిక. మన చదువును మనమే ప్లాను చేసుకుని, మనమే గమనించుకుని, మనమే సరిదిద్దుకోవడం. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బారీ జిమ్మర్‌మన్ దీనిని మూడు దశలుగా వివరించారు: చదవడానికి ముందు ఆలోచన, చదివేటప్పుడు గమనింపు, చదివాక సమీక్ష. సమీక్షలో తేలిన సంగతి మళ్లీ మొదటి దశకు దారి చూపుతుంది.

వ్యవసాయం పనులు చేసే ఇళ్ల నుండి వచ్చిన వారికి ఇది కొత్త కాదు. దుక్కికి ముందు అదును చూస్తారు. పైరు మీద ఉండగా ఆకు తిప్పి పురుగు చూస్తారు. కోత అయ్యాక ఏ మడిలో దిగుబడి ఎందుకు తగ్గిందో లెక్క వేస్తారు. పుస్తకం దగ్గర కూడా ఆ పనే చేయాలి.

1. చదవడానికి ముందు

"ఈ రోజు ఎకనామిక్స్ చదువుతాను" అంటే ప్లాను కాదు. "రాత్రి 8 నుండి 9 వరకు డిమాండ్ సూత్రం, దాని మినహాయింపులు చదివి, చూడకుండా రాస్తాను" అంటే ప్లాను. సెమిస్టర్ మొదటి వారంలోనే సిలబస్ కాగితం గోడకు అంటించండి. 5 యూనిట్లకు 15 వారాలు ఉంటే, ఒక్కో యూనిట్‌కు 3 వారాలు. అప్పుడు ఎక్కడ వెనకబడ్డామో మూడో వారానికే తెలిసిపోతుంది.

2. చదివేటప్పుడు

ప్రతి పేజీ చివర పుస్తకం మూసి, చదివింది సొంత మాటల్లో చెప్పుకోవాలి. ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందని అందరం చెప్పగలం. మరి దసరాకు బంతిపూల ధర పెరిగినా కొనుగోళ్లు ఎందుకు పెరుగుతాయి? సూత్రం తప్పా? సూత్రంలో "ఇతర పరిస్థితులు మారనప్పుడు" అనే మాట ఉంది. పండుగకు పూల అవసరమే మారిపోయింది. ఈ ప్రశ్న వేసుకోకపోతే ఆ మాటను బట్టీ పట్టి, పరీక్షలో వదిలేస్తాం.

చూడకుండా రాయడం ఎంత మేలో 2006లో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం చూపింది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా రాశారు. 5 నిమిషాల తర్వాత చదివినవారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత చూస్తే చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం గుర్తుంది. మన పరీక్ష 5 నిమిషాల తర్వాత ఉండదు కదా!

3. చదివాక

ఇంటర్నల్ పేపరు చేతికి రాగానే మార్కులు చూసి మడిచి పెట్టేయకండి. ఒక నోట్‌బుక్కులో తప్పులను మూడు వరుసలుగా రాయండి: తెలియక పోయినవి, తెలిసినా గుర్తు రానివి, ప్రశ్న సరిగా చదవక పోయినవి. మొదటి దానికి లెక్చరర్‌ను అడగాలి. రెండో దానికి చూడకుండా రాసే సాధన పెంచాలి. మూడో దానికి ప్రశ్నలో ముఖ్యమైన మాటల కింద గీత గీసుకునే అలవాటు చాలు.

హాస్టల్‌లో ఇది కుదురుతుందా?

ఒకే గదిలో పదిమంది, ఒకరి ఫోనులో పాటలు, ఇంకొకరి కబుర్లు. నిజమే. అందుకే ఇద్దరిద్దరు జతకట్టండి. ఒకరు పుస్తకం పట్టుకుని అడగాలి, మరొకరు చెప్పాలి. తెలుగు మీడియం నుండి వచ్చినవారు ముందు తెలుగు అకాడమి పుస్తకంలో విషయం అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పదాలు పట్టుకోండి. తెలియనిది అడగడం కూడా స్వీయ నియంత్రణలో భాగమే. అడగడానికి మొహమాటపడి సెమిస్టర్ పోగొట్టుకోవద్దు.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులైన అన్నలకు మాదొక మనవి. సభ అయిపోగానే వెళ్లిపోకుండా, మొదటి సంవత్సరం తమ్ముళ్లతో ఒక గంట కూర్చోండి. మీరు ఏ ఉద్యోగంలో ఉన్నారో చెప్పడంతో పాటు, ఏ సబ్జెక్టు ఎలా చదివి గట్టెక్కారో చెప్పండి. వాళ్ల ఇళ్లలో ఆ మాట చెప్పేవారు లేరు.

తమ్ముళ్లారా, ఈ రాత్రి ఒక్క పాఠంతో మొదలుపెట్టండి. చదవండి, పుస్తకం మూయండి, రాయండి, సరిచూసుకోండి.