ఫుట్‌బాల్ కోచ్ క్లబ్ ఎందుకు మారతాడు? హైదరాబాద్ ఉదాహరణగా ఒక అవగాహన

కొత్తవలస పేరు పోటీ పరీక్షల్లో కనిపిస్తే అది కిరండోల్ రైల్వే లైన్ ప్రశ్నే అయివుంటుంది. ఇదే స్టేషన్ నుంచి రైలెక్కి విశాఖ వెళ్లి కోచింగ్ తీసుకునే పిల్లలు క్రీడల వర్తమానాంశాలను ఎలా చదువుతారో చూస్తుంటాను. ఏ జట్టుకు ఏ కోచ్ అన్నది ఒక పట్టికగా బట్టీ పట్టేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి సగం పేర్లు మారిపోతాయి. పేరుతో పాటు ఆ మనిషి ఎందుకు వెళ్లాడో, ఎటు వెళ్లాడో తెలుసుకుంటే బట్టీ అవసరం ఉండదు. అందుకు యూరప్ క్లబ్బుల దాకా పోనక్కర్లేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చాలు.

మేనేజర్, హెడ్ కోచ్

ఇంగ్లండ్‌లో మేనేజర్ అంటే ఆట నేర్పడంతో పాటు ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి అన్నదాంట్లోనూ చెయ్యి ఉండేవాడు. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)‌లో ఆ బాధ్యతలో చాలా భాగం క్లబ్ యాజమాన్యానిది. అందుకే ఇక్కడ హెడ్ కోచ్ అంటారు. జట్టు ఓడితే మాత్రం రెండు చోట్లా ముందు వేటు పడేది ఆయన మీదే.

ఒకే క్లబ్, మూడు రకాల నిష్క్రమణలు

ఐఎస్‌ఎల్‌లో పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పుణెలో కోచ్‌గా ఉన్న ఇంగ్లండ్ వాడు ఫిల్ బ్రౌన్ ఇక్కడికీ వచ్చాడు. మొదటి సీజన్ పూర్తికాకుండానే, 2020 జనవరిలో, ఓటముల కారణంగా ఆయన్ని తప్పించారు. జట్టు ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. ఇది మొదటి రకం: తనంతట తాను వెళ్లలేదు, పంపేశారు.

తర్వాతి సీజన్‌కు ఒప్పుకున్న ఆల్బర్ట్ రోకాకు 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఇచ్చింది ఫిట్‌నెస్ కోచ్ పదవి. ఒక క్లబ్‌కు ప్రధాన శిక్షకుడిగా ఉండాల్సినవాడు మరో క్లబ్‌లో సహాయక బృందంలో చేరడానికి వెళ్లాడు. పదవి చిన్నదైనా పిలిచింది బార్సిలోనా. పైగా అది ఆయన అంతకుముందు పనిచేసిన క్లబ్బే. ఇది రెండో రకం.

మూడోది మానోలో మార్కెజ్‌ది. దీని దగ్గర కాసేపు ఆగాలి.

గెలిపించినవాడు ఎందుకు వెళ్లాడు?

రోకా ఖాళీ చేసిన చోటికి 2020 ఆగస్టు చివర్లో మార్కెజ్ వచ్చాడు. అంతకుముందు స్పెయిన్‌లో లాస్ పాల్మాస్ జట్టును కొన్ని వారాలు నడిపి రాజీనామా చేసిన మనిషి. హైదరాబాద్‌లో కుర్రాళ్లను నమ్మాడు. మొదటి ఏడాది జట్టు అయిదో స్థానానికి చేరింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్. కేరళ ఒక గోల్ ముందుంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేసిన సేవ్‌లతో 3-1 తేడాతో కప్పు హైదరాబాద్‌కు దక్కింది. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. కాబట్టి కప్పు గెలిచిన ఏడాది సొంత మైదానమైన గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మరుసటి ఏడాది కూడా లీగ్‌లో రెండో స్థానం దక్కింది. ఆ తర్వాత మార్కెజ్ ఒప్పందం పొడిగించుకోలేదు, 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. ఇది మూడో రకం: ఒప్పందం ముగిశాక తనంతట తాను వెళ్లడం. అదే ఏడాది హైదరాబాద్ క్లబ్‌లో జీతాల బకాయిలు బయటపడ్డాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. సీజన్ మధ్యలోనే చాలామంది ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో జట్టు ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి చివరి స్థానంలో మిగిలింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.

కోచ్ పోయాడు కాబట్టి క్లబ్ కూలిందని కొందరు అంటారు. నాకలా అనిపించదు. జీతాలు సమయానికి ఇవ్వలేని చోట ఎంత గొప్ప కోచైనా ఆటగాళ్లను నిలుపుకోలేడు. కోచ్ వెళ్లిన వార్త చదివినప్పుడు ఆ క్లబ్ ఆర్థిక స్థితి గురించి కూడా చదవమని విద్యార్థులకు చెప్పేది అందుకే.

ఒప్పందం, పరిహారం

ట్రాన్స్‌ఫర్ విండో ఆటగాళ్ల నమోదుకు సంబంధించినది. కోచ్‌ను ఆ కిటికీ అడ్డుకోదు, సీజన్ మధ్యలోనూ మారవచ్చు. గడువు ముగియకముందే తీసుకెళ్లాలంటే మాత్రం కొత్త క్లబ్ పాత క్లబ్‌కు పరిహారం చెల్లించాలి. 2021లో నాగెల్స్‌మన్ కోసం లీప్‌జిగ్‌కు బయర్న్ మ్యూనిక్, 2022 సెప్టెంబరులో గ్రాహం పాటర్ కోసం బ్రైటన్‌కు చెల్సీ భారీ మొత్తాలు ఇచ్చాయి. ఒప్పందం అయిపోయాక వెళ్లేవాడికి ఈ లెక్క ఉండదు. కోచ్‌ల ఒప్పందాలకు, వారి జీతాల బకాయిలకు రక్షణనిచ్చే ప్రత్యేక నిబంధనలను ఫిఫా 2021 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది.

కదలని రహీం, కదిలిన నయీముద్దీన్

కోచ్ అంటే క్లబ్‌లు మారేవాడే అనుకోవద్దు. హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో కన్నుమూసే వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడిగానే ఉన్నారు. 1950 నుంచి 1954 వరకు పోలీస్ జట్టు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవే. 1962 జకార్తా ఫైనల్లో తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఆడించారు. జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. ఏళ్ల తరబడి ఒకే ఆటగాళ్లతో గడిపిన కోచే అంత సాహసం చేయగలడు.

ఆ కాలంలో వలస పోయింది ఆటగాళ్లు. సికింద్రాబాద్ వాడైన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. సయ్యద్ నయీముద్దీన్ కూడా అదే దారిలో వెళ్లి, తర్వాత శిక్షకుడిగా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటికీ పనిచేశాడు. బద్ధవైరులైన రెండు క్లబ్‌లూ ఒకే మనిషిని పిలిచాయంటే ఆయన విద్య మీద ఉన్న నమ్మకమే. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య అందుకున్నాడు.

నేర్పేవాళ్లు కదలకుండా ఉంటే ఏమవుతుందో కొత్తవలస ఉన్న జిల్లాలోనే కొండవెలగాడ అనే ఊరిని చూడండి. ఒక్క ఊరి నుంచి ఇంతమంది వెయిట్‌లిఫ్టర్లు వచ్చారంటే ఏళ్ల తరబడి నేర్పేవాళ్లు అక్కడే ఉన్నారు కాబట్టే. వాళ్లను నిలుపుకోవడం గురించి ప్రభుత్వాలు ఆలోచించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

జాతీయ జట్టు పిలుపు

2024 జులైలో మార్కెజ్‌ను భారత జట్టు కోచ్‌గా నియమించినప్పుడు, ఎఫ్‌సీ గోవా పనిని కూడా ఆ సీజన్‌కు కొనసాగించడానికి ఒప్పుకున్నారు. రెండు పడవల ప్రయాణం. గోవా 2025 మేలో సూపర్ కప్ గెలిచింది, భారత జట్టు మాత్రం ఆయన కింద ఆడిన 8 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. 2025 జులైలో భారత పదవి వదులుకున్నాడు. ఆగస్టులో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ నుంచి ఖాలిద్ జమీల్ వచ్చాడు.

పరీక్షలో తడబడే చోట్లు

రహీం క్లబ్ హైదరాబాద్ సిటీ పోలీస్, 2019 నాటి హైదరాబాద్ ఎఫ్‌సీ వేరు. 2021-22లో హైదరాబాద్ గెలిచింది ఐఎస్‌ఎల్ కప్పు. లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చే షీల్డ్ ఆ ఏడాది జంషెడ్‌పూర్‌ది. ఐఎస్‌ఎల్ మొదలైంది 2014లో, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది 1937లో. 2022 కప్పు కోచ్ ఎవరంటే మార్కెజ్ అని రాయండి, రోకా అని కాదు.