తీగెలో సంజ్ఞ యేల ఆలసించును?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలోని ఏ విద్యార్థినైనను “తీగెలో విద్యుత్సంజ్ఞ యెంత వేగముగా పోవును?” అని యడిగినచో, “కాంతివేగముతో, సెకనుకు 3,00,000 కిలోమీటర్లు” అని తడుముకొనక చెప్పును. ఈ యుత్తరము సగము మాత్రమే నిజము. తీగె యెట్టిది, సంజ్ఞ సెకనుకు ఎన్నిమారులు కంపించుచున్నది అను రెండు సంగతులును తెలియనిదే వేగము నిర్ణయింపరాదు. సెకనుకు జరుగు కంపనముల సంఖ్యకే పౌనఃపున్యమని పేరు. ఈ విషయమును సరకుగొననందున ఒక మహాప్రయత్నము సముద్రగర్భమున నశించినది. ఆ కథకు ముందు కారణమును విచారింతము.

గద్వాల నుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గము వెంట స్తంభములపై సాగిన తంతితీగెలను మన పెద్దలు చూచియున్నారు. వాని చుట్టును గాలియే. తీగెకును తీగెకును నడుమ ఎడము అధికము. అట్టి తీగెలో సంజ్ఞ యించుమించు కాంతివేగమును అందుకొనగలదు. కేబులు సంగతి వేరు. అందు సన్నని రాగితీగెలు పలుచని కవచము మాత్రమే అడ్డముగా ఒకదాని ప్రక్క నొకటి యిమిడియుండును. కాబట్టి కేబులు పొడవునను విద్యుదావేశము నిలువచేరును. ఈ గుణమునకు ధారణశక్తి యని పేరు.

చెరువు తూము తెరచిన వెంటనే ఆయకట్టు చివరి మడికి నీరందునా? మొదట కాలువ నిండవలయును. కాలువ వెడల్పు ధారణశక్తి వంటిది. దారిలో అడ్డుపడు గడ్డియు ఇసుకయు తీగె నిరోధము వంటివి. రెండును అధికమైనకొలది ఆవలి కొనకు సంజ్ఞ ఆలస్యముగా చేరును.

ఇక పౌనఃపున్యమును గూర్చి. 1854–55 సంవత్సరములలో విలియం థామ్సను అను శాస్త్రజ్ఞుడు, లోహపు కడ్డీలో వేడిమి వ్యాపించునట్లే కేబులులో విద్యుత్తు వ్యాపించునని గణితముచే నిరూపించెను. మన పాలమూరు ఎండలే ఇందుకు చక్కని దృష్టాంతము. నేలలోనికి రెండు ఉష్ణతరంగములు దిగుచుండును: ఒకటి దినమున కొకమారు, రెండవది సంవత్సరమున కొకమారు హెచ్చి తగ్గునది. మొదటిదాని పౌనఃపున్యము రెండవదానికి 365 రెట్లు. వేగము మాత్రము 365కు వర్గమూలము, అనగా సుమారు 19 రెట్లు. అయినను వేగముగా దిగు దినతరంగము రెండడుగుల లోపలనే అణగిపోవును. మెల్లగా దిగు వర్షతరంగము కొన్ని మీటర్ల వరకు పోవును. కేబులులోను ఇదే ధర్మము: పౌనఃపున్యము నాలుగు రెట్లయినచో వేగము రెండు రెట్లగును, ఆలస్యము సగమగును, కాని త్వరపడునదే త్వరగా క్షీణించును.

లెక్కగా చూతము. అర మిల్లీమీటరు రాగితీగెల జంట గల టెలిఫోను కేబులునకు కిలోమీటరున కించుమించు 170 ఓముల నిరోధము, 50 నానోఫారడుల ధారణశక్తి యుండును. అందు 300 కంపనముల స్వరపు తరంగశిఖరము సెకనుకు సుమారు 21,000 కిలోమీటర్లు నడచును. 3,000 కంపనములది సుమారు 65,000 కిలోమీటర్లు. 10 కిలోమీటర్ల దూరమునకు మొదటిదానికి సెకనులో వేయింట అరవంతు, రెండవదానికి వేయింట ఆరవ వంతు కాలము పట్టును. పౌనఃపున్యము లక్షలకు చేరినప్పుడు తీగె ప్రేరకత్వము ప్రబలించి, వేగము సుమారు 2,00,000 కిలోమీటర్లకడ నిలిచిపోవును.

ఆలస్యమాత్రమే యైన హాని లేదు. అందరును ఒకే తీరున ఆలసించిన చాలును. చిక్కంతయు ఎచ్చుతగ్గులలోనే యున్నది. తంతి మీట యొక్క ఒక్క తాకుడులో అనేక పౌనఃపున్యములు కలిసియుండును. అవి దారిలో విడిపోయి, పదునైన తాకుడు చదునై చేరును. అది ముగియనిదే రెండవ తాకుడు పంపరాదు. కేబులు పొడవు రెట్టింపైన ఈ నిరీక్షణకాలము నాలుగు రెట్లగునని థామ్సను తెలిపెను.

కంపెనీ విద్యుత్పరీక్షకుడగు వైట్‌హౌసు ఈ సూత్రమును అంగీకరింపలేదు. 1858వ సంవత్సరము ఆగస్టులో అట్లాంటికు సముద్రమున వేసిన మొదటి కేబులులో విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశమునకు సుమారు 16 గంటలు పట్టెను. సంజ్ఞ మందముగా నున్నదని అతడు సుమారు 2,000 వోల్టుల ఒత్తిడిని ప్రయోగించెను. మునుపే లోపములు గల ఆ కేబులు సెప్టెంబరులో మూగవోయెను. బలము హెచ్చించినంత మాత్రమున వేగము హెచ్చదు. లావైన రాగియు దళసరి కవచమును గల 1866వ సంవత్సరపు కేబులు నిమిషమునకు సుమారు 8 మాటలు మోసెను.

అట్లయిన తక్కువ పౌనఃపున్య మెల్లప్పుడును మందగామియేనా? కాదు. నాగర్‌కర్నూలు జిల్లా ఈగలపెంటకడ శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున్నది. అందు పుట్టు విద్యుత్తు సెకనుకు 50 మారులే కంపించును. అయినను పై తీగెలలో ఇంచుమించు కాంతివేగముతో పోయి, 200 కిలోమీటర్లను సెకనులో సుమారు 1,500వ వంతున దాటును. అచ్చట తీగెలు లావైనవి. నిరోధము ప్రేరకత్వ ప్రభావముకంటె స్వల్పము. కావున నిర్ణయించునది పౌనఃపున్య మొక్కటియే కాదు. నిరోధమునకును ప్రేరకత్వ ప్రభావమునకును గల నిష్పత్తి.

ఈ రహస్యమును గ్రహించిన ఆలివరు హెవిసైడు 1887లో కేబులునకు ప్రేరకత్వము చేర్చిన స్వరములన్నియు సమవేగమున నడచునని తెలిపెను. తొలుత కొందరు అధికారులు నిరాకరించిరి. 1900 ప్రాంతమున తీగెచుట్టలు నడుమ నడుమ చేర్చిన టెలిఫోను కేబులులు అమెరికాలో వాడుకకు వచ్చి, ఆయన మాటను నిజము చేసెను.

మన దేశమున తంతివార్తల కొలువు 2013వ సంవత్సరము జులైలో ముగిసినను, ఆ తంతులు నేర్పిన పాఠము ముగియలేదు. విద్యార్థులారా, పై కేబులులోనే 1,200 కంపనముల స్వరమునకు వేగ మెంతయో మీరే కట్టి చూడుడు. 300కు ఇది నాలుగు రెట్లు గనుక సుమారు 42,000 కిలోమీటర్లు రావలయును. ఆ లెక్క కుదిరిన దినమున “కాంతివేగము” అని ఒక్కమాటతో ఉత్తరము ముగింపరు, “ఏ తీగె? ఎన్ని కంపనములు?” అని మొదట మీరే యడుగుదురు.